తెల్లమూతల పీతలు

శవం దొరకలేదు. చెప్పులు దొరికాయి.

జెట్టీ చివర, తడిసిన చెక్కపలకల మీద, రెండు తోలు చెప్పులు. పక్కపక్కన. పడుకోబోయే మనిషి మంచం పక్కన విప్పుకున్నట్టు పొందిగ్గా ఉన్నాయి. కింద సముద్రం రాళ్లను కొడుతోంది.

ఇన్‌స్పెక్టర్ గొంతుక్కూర్చుని వాటిని చూసింది. ముట్టుకోలేదు.

"బకిల్స్ విప్పి ఉన్నాయి," అంది.

"అవును మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"ముసలావిడ వేళ్లు ఎలా ఉండేవన్నావు?"

"అల్లం కొమ్ముల్లా, మేడమ్. కీళ్లవాతం. గ్లాసు కూడా రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగేదట."

"అయితే బకిల్స్ ఎవరు విప్పారు?"

హెడ్ సముద్రం వైపు చూశాడు. సముద్రం కాదని అతనికీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను వెనకాల 'జలగ' అంటారు. పట్టుకుంటే వదలదని. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ఏమీ అనదు. అన్నవాడు ఎప్పటికైనా రిపోర్టు పట్టుకుని తన టేబుల్ దగ్గరికే రావాలి కదా.

కనిపించకుండా పోయిన మనిషిని అందరూ బంగారమ్మ అంటారు. వయసు డెబ్బై. జెట్టీకి ఆనుకుని ఆవిడ ఇల్లు. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. షెడ్డులో మెత్తపీతల వ్యాపారం.

పీత పెరగాలంటే పాత పెంకు వదలాలి. వదిలిన కొన్ని గంటలపాటు ఒళ్లంతా వెన్నలా ఉంటుంది. ఆ గంటల్లోనే పట్టుకుని, ఐసులో పెట్టి, హోటళ్లకు పంపుతారు. పెంకుతో సహా నమిలి తింటారు జనం. అందుకే షెడ్డులో ఒక్కో పీతకు ఒక్కో ప్లాస్టిక్ పెట్టె. పైపుల్లోంచి సముద్రపు నీళ్లు అన్ని పెట్టెల్లోకీ ఒకేలా పారుతూ ఉంటాయి.

"కలిపి ఉంచితే ఏమవుతుంది?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"గట్టిది మెత్తదాన్ని తినేస్తుంది మేడమ్," అన్నాడు బంగారమ్మ కొడుకు. "అందుకే పెట్టెలు. మా ఇంట్లోనే పెట్టెల్లేవు."

అతనికి నలభై మూడేళ్లు. అయినా తల్లి 'అబ్బాయి' అనే పిలిచేది. దాంతో వీధంతా అదే పేరు.

*

ముందుగా పిన్నితో మాట్లాడింది.

పిన్ని అంటే బంగారమ్మ చెల్లెలు. అబ్బాయికి పిన్ని కాబట్టి వీధికంతటికీ పిన్నే. అరవై రెండేళ్లు. పెళ్లి లేదు. నలభై ఏళ్లుగా అక్క దగ్గరే. అక్కకు అన్నం కలిపిందీ, తల దువ్విందీ, చెప్పులు తొడిగిందీ ఆ చేతులే. ఉప్పునీళ్లకు నాని, పగిలి, ఎర్రబడ్డ చేతులు. ఆ చేతులతోనే ఇన్‌స్పెక్టర్‌కు టీ ఇచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"అక్కను చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న పదిహేడో తారీఖు తల్లీ, మధ్యాహ్నం మూడున్నరకి. చేతులకి కాపడం పెట్టి, ఊదారంగు శాలువా కప్పి, కంటి ఆస్పత్రికి వెళ్లాను."

"తిరిగి ఎప్పుడొచ్చారు?"

"ఏడున్నరకి. టోకెన్ నాలుగింటికే ఇచ్చారు. కళ్లలో చుక్కలేసి కూర్చోబెట్టారు. డాక్టరు చూసేసరికి ఏడైంది."

"వచ్చేసరికి ఇంట్లో ఎవరున్నారు?"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిన్నిగారూ."

"అబ్బాయి," అంది. "ఊర్నుంచి వచ్చి పడుకుని ఉన్నాడు. వాణ్ని ఏమీ అనకమ్మా. నోరు జారతాడు గానీ వాడి మనసు వెన్న."

"ఏమని జారాడు?"

"పది రోజుల కిందట షెడ్డులో అందరి ముందూ వాళ్లమ్మ వాణ్ని కొట్టింది. వేళ్లు ముడుచుకోవు కదా, మణికట్టుతో కొట్టింది. మొహం మీద. దాంతో 'నువ్వు పోతేగానీ ఈ కొంపకి గాలి తగలదు' అనేసి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నిన్ననే మళ్లీ రావడం."

ఎదురుగా వలలు కుట్టే షాపు. షాపాయన సూదిలో దారం ఎక్కిస్తూనే సాక్ష్యం చెప్పాడు.

"ఐదున్నరకి చూశా మేడమ్. ఊదా శాలువా. జెట్టీ మీద మెల్లగా నడుస్తోంది."

"ముఖం చూశావా?"

"శాలువా చూశా. తల మీంచి కప్పుకుని ఉంది. అది ఇంకెవరు కప్పుకుంటారు మేడమ్?"

"తర్వాత?"

"పావుగంటకో ఇరవై నిమిషాలకో అబ్బాయి బస్సు దిగాడు. లోపలికెళ్లాడు. ఆ తర్వాత నేను షట్టర్ దించేశా."

ఇక అబ్బాయి.

"ఇంటికొచ్చి ఏం చేశావు?"

"కేకేశా. ఎవరూ పలకలేదు. అమ్మ అలిగి పడుకుందనుకున్నా. నేనూ పడుకున్నా. పిన్ని వచ్చి లేపి అన్నం పెట్టింది. తిన్నాక అమ్మకి పెడదామని చూస్తే గదిలో లేదు."

"వచ్చాక జెట్టీ మీదికి వెళ్లలేదా?"

"లేదు."

"ఆవిడ చెప్పుల బకిల్స్ ఎవరో విప్పారు. ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే."

అతను తన వేళ్ల వంక చూసుకున్నాడు.

మధ్యాహ్నానికి సంకెళ్లు వేశారు.

*

పైఅధికారి ఫోన్‌లో ఒకే మాట అన్నాడు. "ఒప్పించు."

స్టేషన్ వెనక గదిలో ఇద్దరు కానిస్టేబుళ్లు చొక్కా చేతులు మడుచుకున్నారు. ఇన్‌స్పెక్టర్ తలుపు మూసి బయటికి వచ్చింది. తలుపు మందమైనదే. అయినా వినపడింది. ఆమె టీ తెప్పించుకుని తాగింది. చల్లారకముందే.

నాలుగు రోజులు గడిచాయి. అబ్బాయి కింది పెదవి చీలింది. ఎడమచేతి రెండు వేళ్లు వంకాయల్లా వాచాయి. ఒప్పుకోలేదు.

ఆమె లెక్క ఒకటుంది. తప్పు చేసినవాడు మూడో రోజుకి బేరం మొదలుపెడతాడు. నేను తోయలేదు, ఆవిడే జారింది అంటాడు. కోపంలో ఉన్నా అంటాడు. ఏదో ఒక మెట్టు దిగుతాడు. వీడు దిగలేదు. ఆమె లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఒకటే అడిగాడు.

"అమ్మ దొరికిందా మేడమ్?"

నాలుగో రోజు ఇన్‌స్పెక్టర్ జీపు తీయించింది.

"మళ్లీ అక్కడికేనా?" అన్నాడు హెడ్. "ఈతగాళ్లు రాయి రాయీ వెతికారు. సముద్రం మింగింది కక్కలేదు మేడమ్."

"సముద్రం మింగిందని ఎవరన్నారు?"

హెడ్ జీపెక్కాడు.

షెడ్డులో పనివాళ్లు ఇద్దరు ఆడవాళ్లు పెట్టెలు కడుగుతున్నారు. పెట్టెలు రెండు వరసలు. గోడవైపు వాటికి తెల్లమూతలు. కిటికీవైపు వాటికి నీలంమూతలు.

"ఈ రంగులేంటి?"

"తెల్లవి పాత సరుకు మేడమ్. నీలంవి పద్నాలుగో తారీఖున వ్యాన్‌లో దిగిన కొత్త సరుకు. కలిసిపోకుండా."

"పద్నాలుగున బంగారమ్మని చూశారా?"

"పై కిటికీలో శాలువా కనపడింది. జ్వరమని పిన్ని పైకి రానివ్వలేదు. అంతకుముందు మూడు రోజులు మాకు పనే లేదు. కొత్త సరుకు దిగేదాకా రావద్దంది పిన్ని."

"ఆ మూడు రోజులూ మేత ఎవరు వేశారు?"

"పిన్నే."

మూలన పెద్ద ఫ్రీజర్, పక్కనే మేతచేప రుబ్బే గ్రైండర్ ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ మూత ఎత్తింది. మేతచేప, క్రేట్ల మీద క్రేట్లు. ఐస్‌ప్లాంటువాళ్లు ప్లాస్టిక్ పట్టీలు బిగించి, పట్టీ మీద తేదీ ముద్ర వేస్తారు. పై క్రేట్ల మీద పద్నాలుగు. పట్టీలు కోసి ఉన్నాయి. వాటిని హెడ్ చేత పక్కకు తీయించింది. అడుగున ఉన్న క్రేట్ల మీద పది. పట్టీలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

ఆమె ఒక పట్టీని వేలితో లాగి వదిలింది. టంగుమంది.

పదో తారీఖున వచ్చిన మేత ఎవరూ ముట్టుకోలేదు. పద్నాలుగు దాకా కొత్తది రాలేదు.

ఆమె తెల్లమూత ఒకటి ఎత్తి చూసింది. లోపల పీత నిగనిగలాడుతూ, పిడికిలంత లావుగా, డెక్కలు పైకెత్తింది.

మరి ఆ మూడు రోజులూ ఇవి ఏం తిన్నాయి?

పిన్నిని పిలిచి అడిగింది. పిన్ని తడబడలేదు. "పస్తు పెట్టాను తల్లీ. పస్తుంటే తొందరగా పెంకు వదులుతాయి."

స్టేషన్‌కు తిరిగి వచ్చి, అబ్బాయికి మంచినీళ్లు ఇప్పించి, అదే మాట అతన్ని అడిగింది.

"పస్తా?" అన్నాడు చీలిన పెదవితో. "పస్తు పెడితే పీత మెత్తబడదు మేడమ్, చస్తుంది. బలం ఉంటేనే పెంకు వదులుతుంది. ఆ సంగతి పిన్నికి తెలీకపోవడమేంటి?"

ఇన్‌స్పెక్టర్ లేచి, పీతల సంగతి తెలిసినవాళ్లను వెతకమని హెడ్‌తో చెప్పింది.

*

సముద్రజీవుల లాబ్ ఊరి చివర ఉంది. అక్కడి సైంటిస్టు ముప్పై ఏళ్ల మనిషి. పీతలు, ఆల్చిప్పలు, నత్తలు సముద్రంలోని లోహాలను ఒంట్లో ఎలా దాచుకుంటాయో చూడటం ఆమె ఉద్యోగం. పోల్చడానికి కావాలి, రెండు రకాలవీ పట్టుకురమ్మని ఫోన్‌లోనే చెప్పింది. ఇన్‌స్పెక్టర్ తెల్లమూతలవి ఆరు, నీలంమూతలవి ఆరు తెచ్చింది.

"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి," అన్నాడు హెడ్ బకెట్లు దించుతూ. ఎవరూ నవ్వలేదు.

సైంటిస్టు ఒక పీత కాలి కీలు దగ్గర సూది గుచ్చి రక్తం లాగింది. నీళ్లలా ఉంది. గాజుపలక మీద వేసిన కాసేపటికి నీలంగా తిరిగింది.

"మన రక్తంలో ఇనుము. వీటి రక్తంలో రాగి," అంది. "అందుకే ఈ రంగు. ఇంతకీ నేను వెతకాల్సిందేంటి?"

"మనిషిని."

సైంటిస్టు చేతిలో సూది ఆగింది.

"డీఎన్ఏ దొరుకుతుందా?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఎన్నాళ్లైంది?"

"పది రోజులు దాటి ఉండొచ్చు."

"అయితే దొరకదు. తిన్నదంతా ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది." కుర్చీ లాక్కుని కూర్చుంది. "అరగనిది ఒక్కటే. లోహం. తిండితో లోపలికి వెళ్లిన లోహం ముందు రక్తంలోకి ఎక్కుతుంది. రక్తం రోడ్డు లాంటిది, అందులో ఏదీ ఎక్కువ రోజులు నిలవదు. అక్కణ్నుంచి జీర్ణగ్రంథికి చేరుతుంది. అది గోదాం. పీత దాన్ని అక్కడ మూటగట్టి దాస్తుంది. తొందరగా బయటికి పోనివ్వదు."

"అయితే మనిషిని తిన్న పీతనీ, చేపని తిన్న పీతనీ గుర్తుపట్టొచ్చా?"

"మామూలు మనిషైతే కష్టం. చేపలో లేని లోహం ఏదైనా ఆ మనిషిలో ఉండాలి."

"కాలిలో రాడ్డు లాంటిదా?"

"రాడ్డు పీత తినదు కదండీ. కండలో, లివర్లో కలిసిపోయింది కావాలి."

తిరుగుదారిలో ఇన్‌స్పెక్టర్ కేసు ఫైల్లోంచి బంగారమ్మ ఫోటో తీసింది. చెవులు బోడి. మెడ బోడి. చేతికి గాజు లేదు. ముఖం మాత్రం బూడిద కలిసిన నీలంగా ఉంది. ఇన్నాళ్లూ ప్రింటు సరిగ్గా రాలేదనుకుంది.

"బంగారమ్మ అని ఎందుకంటారు?" అని అడిగింది.

"ఒళ్లంతా దిగేసుకునేదేమో మేడమ్."

"ఇందులో పిసరు లేదు."

జీపు ఆవిడకు వైద్యం చేసిన కీళ్ల డాక్టర్ ఇంటి వైపు తిరిగింది. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఫోటో చూడగానే గుర్తుపట్టి, తల ఊపాడు.

"ఆ పేరు మా క్లినిక్‌లోనే పుట్టిందమ్మా. ఆవిడకి బంగారం ఇంజక్షన్లు ఇచ్చేవాళ్లం. కీళ్లవాతానికి పాత వైద్యం. పదిహేనేళ్లు పొడిపించుకుంది. మా నర్సు సరదాకి అలా పిలిచింది, అదే నిలిచింది. ఒంటి మీద కాదు, ఆవిడకి ఒంట్లో ఉంది బంగారం. ముఖం అలా నీలమెక్కింది కూడా దానివల్లే."

"ఇప్పటికీ ఉంటుందా ఒంట్లో?"

"లివర్లో, కిడ్నీల్లో, కీళ్లలో ఏళ్ల తరబడి ఉంటుంది. చచ్చినా పోదు."

ఇన్‌స్పెక్టర్ అక్కణ్నుంచే లాబ్‌కు ఫోన్ చేసింది. "బంగారం చూడండి."

"మాది పేద లాబ్ మేడమ్," అంది సైంటిస్టు. "మా మెషిన్ ఇంతవరకూ బంగారం మొహం చూడలేదు. సరే, చూపిద్దాం."

మర్నాడు ఉదయం పదకొండింటికి జవాబు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ విని ఫోన్ పెట్టేసింది. టేబుల్ మీదున్న టిఫిన్ పొట్లం హెడ్ వైపు తోసేసింది.

"పిన్నిని నేను టీ తాగుతూ కూర్చోబెడతాను," అంది. "నువ్వు మేత గ్రైండర్ ఊడదీయించు. స్క్రూ స్క్రూ."

*

సాయంత్రం నాలుగింటికి అందరూ షెడ్డులో ఉన్నారు. నీళ్లు పైపుల్లో గలగలమంటున్నాయి. అబ్బాయి సంకెళ్లతో గోడకు ఆనుకున్నాడు. పిన్ని స్టూలు మీద కూర్చుంది, ఒళ్లో చేతులు పెట్టుకుని. వలల షాపాయన గుమ్మంలో. సైంటిస్టు కాగితాలతో పక్కన.

"నిన్న ఇక్కణ్నుంచి పన్నెండు పీతల్ని తీసుకెళ్లాం," అంది ఇన్‌స్పెక్టర్. "తెల్లమూతలవి ఆరింటికి ఆరూ, జీర్ణగ్రంథి నిండా బంగారం. రక్తంలో మాత్రం దాదాపు లేదు. అంటే తిని చాలా రోజులైంది."

"బంగారమా?" అన్నాడు షాపాయన.

"మీ బంగారమ్మ ఒంట్లోది. పదిహేనేళ్ల ఇంజక్షన్లు."

షాపాయన ముందు నవ్వబోయాడు. తర్వాత అర్థమైంది. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో గుమ్మం పట్టుకున్నాడు.

అబ్బాయి తెల్లమూతల వరస వైపు చూశాడు. తల తిప్పుకోలేకపోయాడు.

"నీలంమూతల్లో?" అని అడిగాడు.

"ఒక్కదాంట్లోనూ లేదు," అంది సైంటిస్టు. "నీళ్లు రెండు వరసలకీ ఒకటే. పద్నాలుగు నుంచీ మేతా ఒకటే. ఆ మేతచేపనీ చూశాను, ఏమీ లేదు."

"తేడా ఒక్కటే," అంది ఇన్‌స్పెక్టర్. "పద్నాలుగుకి ముందు తెల్లమూతలవి ఇక్కడున్నాయి. నీలంమూతలవి లేవు. అంటే వ్యాన్ వచ్చేసరికే పని అయిపోయింది. పదో తారీఖు మేత పట్టీ తెంపకుండా ఫ్రీజర్లో ఉండిపోయింది అందుకే. పీతల కడుపు నిండే ఉంది."

"మరి నేను పదిహేడున జెట్టీ మీద చూసిందెవర్ని?" అన్నాడు షాపాయన.

"నువ్వు ముందే చెప్పావు. శాలువాని."

ఆమె స్టూలు ముందుకు వచ్చి నిలబడింది.

"పద్నాలుగుకి ముందే పోయిన మనిషికి, పదిహేడున మూడున్నరకి కాపడం పెట్టిందెవరు పిన్నిగారూ?"

పిన్ని కొంగు సర్దుకుంది.

"కంటి ఆస్పత్రి ఇక్కడికి పది నిమిషాల నడక. చుక్కలేసి కళ్లు మూసుకోమంటారు. హాల్లో ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకున్నవాళ్లే. మధ్యలో ఎవరు లేచి వెళ్లి వచ్చారో ఎవరు చూస్తారు? అబ్బాయి బస్సు టైము మీకు తెలుసు. శాలువా కప్పుకుని జెట్టీ మీద నడిచారు, చెప్పులు పెట్టారు. అక్కడే పొరపాటు చేశారు. తోసేసినవాడు చెప్పుల బకిల్స్ విప్పడు. జారిపడ్డావిడకు విప్పుకునే వేళ్లే లేవు. నలభై ఏళ్లు విప్పిన చేతులు అలవాటుకొద్దీ విప్పాయి."

"పిన్నీ," అన్నాడు అబ్బాయి. "కాదని చెప్పు."

హెడ్ ఒక చిన్న ప్లాస్టిక్ కవరు పైకెత్తాడు. "గ్రైండర్ బ్లేడు వెనక దొరికింది మేడమ్. గోరు."

పిన్ని దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఎన్నోసార్లు తను కత్తిరించిన గోరు కదా.

"కడిగాననుకున్నాను," అంది.

అబ్బాయి గోడ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఎందుకు?" అంది ఇన్‌స్పెక్టర్.

"బోటు మెకానిక్ ఒకాయన ఉండేవాడు. భార్య పోయింది. నన్ను రమ్మన్నాడు. ఈ వయసులో పెళ్లేంటి, ఊరికే తోడుగా ఉందాం అన్నాడు. సరేనన్నాను. వస్తానన్న రోజున రాలేదు. ఊరే వదిలి వెళ్లిపోయాడు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "పదో తారీఖు సాయంత్రం అక్కకి కాపడం పెడుతున్నాను. అప్పుడు చెప్పింది. 'నేనే వెళ్లి నీకు పిచ్చని చెప్పానే. గొలుసులు వేసి ఉంచుతామన్నాను. వాడి మొహం చూడాల్సింది' అని. నవ్వుతూ చెప్పింది. అప్పుడు ఆవిడ చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి."

హెడ్ కవరు జేబులో పెట్టుకున్నాడు.

"వాటిని ఒళ్లో పెట్టేశాను. దిండు తీసుకున్నాను. తోయాలని చూసింది. ఆ చేతులతో ఏం తోస్తుంది?"

"ఆ తర్వాత ఈ పని చేయడానికి మీకు చేతులెలా వచ్చాయి?"

"ఆవిడ నేర్పిన చేతులే తల్లీ. పీతలకి కాళ్లు విరిస్తే తొందరగా పెంకు వదులుతాయని నా చేత విరిపించేది. మొదట్లో ఏడ్చేదాన్ని. 'నొప్పి పెడితేనే కొత్త తోలు వస్తుంది' అనేది. నాకు వచ్చింది." కిటికీలోంచి జెట్టీ వైపు చూసింది. "గ్రైండర్‌కి పట్టని ఎముకలు గోనెలో కట్టి జెట్టీ అవతల లోతులో వేశాను. వెతుక్కోండి."

"అబ్బాయిని ఎందుకు ఇరికించారు? మీరు పెంచిన పిల్లాడు."

పిన్ని మొదటిసారి అతని వైపు తిరిగింది. "ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా. వాడికి కోపమొస్తే చెయ్యెత్తుతాడు చూడు, అచ్చం వాళ్లమ్మే. అదే మణికట్టు."

హెడ్ అబ్బాయి సంకెళ్లు తీసి పిన్నికి వేశాడు. ఆమె చేతులు ముందుకు చాపి, సరిగ్గా పట్టేలా తిప్పి ఇచ్చింది. గుమ్మం దగ్గర షాపాయన గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాడు.

"స్టవ్ మీద పాలున్నాయి," అంది ఆమె వెనక్కి తిరగకుండా. "పొంగకుండా చూసుకో అబ్బాయీ."

జీపు కదిలింది. షాపాయన వెళ్లిపోయాడు. సైంటిస్టు తెల్లమూతల పెట్టెలకు సీలు వేయించి వెళ్లిపోయింది. పద్నాలుగు తర్వాత ఆ వరసలోంచి మెత్తబడి హోటళ్లకు వెళ్లిన పీతల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టర్ అబ్బాయి వాచిన వేళ్ల వంక చూసి, చూపు తిప్పుకుంది. "ఆస్పత్రికి వెళ్లు. బిల్లు మేం చూసుకుంటాం," అంది.

అతను విన్నట్టు లేదు.

"మేడమ్. నేను వచ్చిన రోజు పిన్ని నాకు మెత్తపీతలు వేయించి పెట్టింది."

ఆమె సీలు వేసిన పెట్టెల వైపు తిరిగింది.

"ఆకలిమీదున్నా. అడిగి మరీ వేయించుకున్నా." పెదవి తుడుచుకున్నాడు. "ఏ మూతవి?"

అబద్ధాలు ఇన్‌స్పెక్టర్‌కు కొత్త కాదు. ఒప్పించడానికి ఎన్నో ఆడింది. జాలితో ఆడవలసి రావడం ఇదే మొదలు. నోటికి అలవాటు లేని పని.

"నీలంవి," అంది. "కొత్త సరుకు. కనుక్కున్నాను."

అబ్బాయి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ షెడ్డులో పెరిగినవాడు. వ్యాన్ దిగిన పీత పెంకు వదలాలంటే ఎంత లేదన్నా మూడు వారాలు పడుతుంది. మూడు రోజుల్లో మెత్తబడ్డ పీతను అతను ఎన్నడూ చూడలేదు.

"థాంక్స్ మేడమ్," అన్నాడు.

లేచి, గోడ పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచాడు. తిప్పాడు. దోసిలి పట్టి నోరు పుక్కిలించి ఉమ్మాడు. మళ్లీ పట్టాడు. మళ్లీ ఉమ్మాడు.

ఇన్‌స్పెక్టర్ కాసేపు నిలబడి చూసింది. తర్వాత బయటికి వచ్చి, బస్సు స్టాపు దాకా నడిచింది. అక్కడికీ ఆ కుళాయి చప్పుడు వినపడుతూనే ఉంది.